తొలి ఇంకు పెన్ను ఎంపిక

ప్రశ్న: బాల్‌పెన్నుకు అలవాటుపడినవారు మొదటిసారి ఇంకు పెన్ను కొనేటప్పుడు ఏమి చూడాలి?

జవాబు: బాల్‌పెన్నులో చిక్కటి సిరాను గుండు దొర్లి కాగితానికి అంటించవలసి ఉండటం వల్ల వేళ్లు ఒత్తక తప్పదు, ఇంకు పెన్నులో పలుచటి సిరా పాళీ చీలికలోంచి కేశనాళికా చర్యతో, అంటే సన్నని సందులో ద్రవం తనంతట తాను పాకే గుణంతో, దిగుతుంది కనుక పెన్ను బరువే రాతకు చాలుతుంది. అందుకే ధర కన్నా ముందు పట్టును చూడాలి. మూతను వెనక తగిలించకుండానే చేతిలో కుదురుకునే తేలికపాటి పెన్ను కొత్తవారికి అనువైనది. లామీ సఫారీ అనే పెన్ను పట్టు త్రికోణాకారంలో ఉండి వేళ్లను ఒకే తీరున నిలుపుతుంది. వేరే విధంగా పట్టుకునేవారికి అదే ఇబ్బంది. లావు పాళీతో రాస్తే ‘ణ్ణ’ వంటి అక్షరాల మెలికలు సిరాతో పూడుకుపోతాయి కనుక తెలుగు రాతకు సన్న పాళీయే మేలు. జపాన్ పెన్నుల సన్న పాళీ సాధారణంగా ఐరోపా వాటికన్నా మరింత సన్నగా గీస్తుంది. రాజమండ్రి రత్నం పెన్నుల వంటి ఎబొనైట్ పెన్నులు, అంటే గంధకంతో గట్టిపరచిన రబ్బరువి, వేళ్ల నుంచి జారకపోవడం నిజంగా గొప్ప సుఖం. కొనేముందు పాళీని సిరాలో ముంచి, అరపేజీ తెలుగు రాసి చూడండి.