ఇంజను నూనె చిక్కదనము

మన పిల్లల తండ్రులలో బండి త్రోలి బ్రతుకువారు పలువురు గలరు. ఇంజను చెడినచో ఆ నెల ఇల్లు గడువదు.

నూనె డబ్బాపై ‘20డబ్ల్యూ-40’ వంటి గుర్తుండును. డబ్ల్యూ శీతకాలమునకు గుర్తు. దాని ముందరి సంఖ్య తగ్గినకొలది నూనె చలిలో సులభముగా పారి ఇంజను భాగముల కందును. 20డబ్ల్యూ నూనెను సున్నకు 15 డిగ్రీలు దిగువను పరీక్షింతురు. అట్టి చలి లద్దాఖున గలదు గాని మన మైదానములలో లేదు. చివరి సంఖ్య 100 డిగ్రీల వేడిమిలో నూనె చిక్కదనమును తెలుపు తరగతి. డిగ్రీల లెక్క కాదు.

వేసవికి మిక్కిలి చిక్కని నూనె మేలని నమ్మి మేమొకపరి 50 పోయించితిమి. బండి బరువుగా కదలి, పెట్రోలు కొంత అధికముగానే త్రాగెను! తరువాత బండితో వచ్చిన పుస్తకము తెఱచి చూడగా 10డబ్ల్యూ-30 అని యున్నది. ఎండ ఎంతటిదైనను అందు చెప్పని సంఖ్యను పోయింపరాదు. పుస్తకము పోయినవారు నూనె మూతను చూడవలెను. కొన్ని బండ్లకు అచ్చటను ముద్రింతురు.