చూసి రాసిన విలేకరి

అది 1936వ సంవత్సరం. చైనాలో కమ్యూనిస్టులకూ ప్రభుత్వానికీ పోరు. వాళ్ళంతా దొంగలని ప్రభుత్వం చెప్పేది. వాళ్ళున్న చోటికి విలేకరులను పోనిచ్చేది కాదు.

ఎడ్గార్ స్నో అమెరికా విలేకరి. కళ్ళారా చూద్దామని బయలుదేరారు. రోగాలు రాకుండా సూదులు వేయించుకున్నారు. మావోకు ఇవ్వాల్సిన ఉత్తరం వెంట ఉంది. అది కంటికి కనపడని సిరాతో రాసింది! కొంత దూరం లారీలో, కొంత కాలినడకన వెళ్ళి బావోఆన్ చేరారు. చిన్న ఊరు. మావో ఉండేది గుహలో. రాత్రిళ్ళు ఆయన తన కథ చెప్పేవారు. స్నో రాసుకునేవారు.

అక్కడే షూ తెలీ అనే ముసలి పంతులుగారు కలిశారు. మావోకు చదువు చెప్పిన గురువు. ఆ ప్రాంతంలో నూటికి 95 మందికి చదువు రాదని చెప్పారు. పుస్తకాలు లేవు, కాగితం లేదు. అయినా రైతులకూ సిపాయిలకూ అక్షరాలు నేర్పుతున్నారు. మనవి 56 అక్షరాలే. వాళ్ళవి వేలు!

నాలుగు నెలలకు స్నో తిరిగొచ్చారు. 1937లో పుస్తకం అచ్చయింది. లోకమంతా చదివింది. 1949లో కమ్యూనిస్టులే రాజ్యానికి వచ్చారు.

1960లో స్నో మళ్ళీ వెళ్ళారు. అప్పుడు చైనాలో పెద్ద కరువు. తిండిలేక కోట్ల మంది పోయారు. ఈసారి అధికారులు వెంట ఉండి తిప్పారు. కరువు లేదని రాశారాయన.