పెచ్చులూడు పలక పటములు

తెలుగువారి పాత యిండ్ల పూజాగదులలో తంజావూరు పటము కనబడుట అరుదు కాదు. దూరమునుండి బంగారు రేకు మెరయుచుండును. దగ్గరకు పోయి చూచినచో అంచులయందు రంగు పెచ్చులుగా లేచియుండును. పండుగనాడు దానిని తడిగుడ్డతో తుడుచుట మనలో పలువురి యలవాటు. ఆ తుడుపే పటమునకు ముప్పు. ఎట్లో చెప్పెదము.

1565లో తళ్ళికోట యుద్ధము పిమ్మట విజయనగరము క్షీణింపగా, ఆశ్రయము వెదకుచు దక్షిణమునకు పోయిన చిత్రకారులలో తెలుగు రాజుల కుటుంబములు గలవు. కనుక బొమ్మసంద్రలోని తెలుగు పిల్లలకు ఈ కళ పరాయిది కాదు. తమిళులు దీనిని ‘పలగై పడం’ అందురు. పలక పటమని యర్థము.

పనస మొదలగు కొయ్య పలకపై బట్ట నంటించి, సుద్దపొడిని జిగురుతో కలిపి పూసి, ఉబ్బెత్తు భాగములపై బంగారు రేకు నతికి రంగులు వేయుదురు. కొయ్య వానకాలమున తేమను పీల్చి అడ్డముగా ఉబ్బును; వేసవిలో ముడుచుకొనును. నిడివిలో మార్పు స్వల్పము. సుద్దపూత అట్లు సాగదు, ముడువదు. కావున పగిలి పైకి లేచును. చింతగింజల జిగురు వాడినచోట పురుగులును చేరును. ఇక రంగులోని బంక నీటికి కరగునది. తడిగుడ్డ తగులగానే పెచ్చుతోపాటు రంగును గుడ్డకు వచ్చును.

ఇది మన దేశపు చిక్కు మాత్రమే కాదు. 1966 నవంబరు 4న ఇటలీలోని ఫ్లారెన్సు నగరమును వరద ముంచెత్తినప్పుడు వసారి చిత్రించిన ‘కడపటి విందు’ పలకలు నానిపోయినవి. రంగు రాలకుండ పలుచని కాగితములంటించి వానిని నిలిపిరి. ఆ చిత్రము మరల ప్రదర్శనకు వచ్చుటకు 2016 వరకు పట్టినది!

నిపుణులు మొదట ఒక మూల రంగు దేనికి కరగునో పరీక్షింతురు. పిదప సన్నని కుంచెతో పెచ్చుక్రిందికి పలుచని జిగురును పంపి, మెత్తని కాగితము మీదుగా కొద్దిపాటి వెచ్చదనముతో మెల్లగా అదుముదురు. రంగు పూర్తిగా పోయినచోట మాత్రమే, వలసినప్పుడు తుడిచివేయదగిన రంగు నద్దుదురు. పటమంతయు కొత్తగా పూసి ‘బాగుచేసితి’ ననువాడు పురుగుకంటె ప్రమాదకరుడని మా యభిప్రాయము. పురుగు కొంత మిగుల్చును.

బెంగుళూరు కుమారకృప రోడ్డులోని చిత్రకళా పరిషత్తున మైసూరు సంప్రదాయ చిత్రములను చూడవచ్చును. పరిషత్తుతో కలసి ఇంటాక్ సంస్థ కళావస్తు సంరక్షణ కేంద్రమును నెలకొల్పినది. ఇంట పటము పెచ్చులు లేచినచో అట్టి నిపుణులనే అడుగవలెను. అంతదనుక దానిని దీపపు సెగకు, తడిగోడకు దూరముగా, బొమ్మ పైకి వచ్చునట్లు బల్లపై పరుండబెట్టుడు. రాలిన పెచ్చులను ఊడ్చిపారవేయక పొట్లము కట్టి యుంచుడు. తీసికొనిపోవునపుడు చంకన నిలువుగా పెట్టుకొనక, నిండు పళ్ళెమును మోసినట్లు రెండు చేతులతో చదునుగా మోయుడు.