చిన్న చేప, పెద్ద ఆకలి

గాజు తొట్టిలో గప్పీ చేపల్ని చూశారా? మహా అయితే చిటికెన వేలంత ఉంటాయి. రంగుల తోకలు ఊపుకుంటూ నెమ్మదిగా తిరుగుతుంటాయి.

మేత వేసి చూడండి! ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఎగబడతాయి. తమ పిల్లలు ఎదురైనా సరే, మింగేస్తాయి.

"అమ్మో! ఇంత చేపకు అంత ఆకలా?" అనిపిస్తుంది.

ఆ ఆకలే మనకు మేలు చేస్తుంది. నిలవ నీటిలో దోమలు గుడ్లు పెడతాయి. గుడ్లలోంచి సన్నటి పురుగులు వస్తాయి. అవే వారం, పది రోజుల్లో దోమలవుతాయి. మలేరియా, డెంగీ దోమలూ ఇలాగే పుడతాయి. గప్పీలు ఆ పురుగుల్ని తినేస్తాయి.

అందుకే వాడుక నీళ్ల తొట్లలో గప్పీలను పెంచుతారు. చెరువుల్లో, వాగుల్లో మాత్రం వదలకూడదు. అక్కడి చేప పిల్లల్ని కూడా తినేస్తాయి.

చేపలు లేని తొట్లను వారానికోసారి ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టాలి.

మీ ఇంటి చుట్టూ నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి? ఈరోజే చూడండి.