యానాంలో ఇంటికి కంప్యూటరు కొనబోయే ముందు

యానాంలో సరుకు చవక అన్న మాట గోదావరి జిల్లాల్లో ఇంకా నడుస్తూనే ఉంది. పెట్రోలు జీఎస్టీ బయట ఉంది కనుక దానికి ఆ మాట చెల్లుతుంది. కంప్యూటరుకి మాత్రం 2017 జులై 1తో ఆ ముచ్చట తీరిపోయింది. ఇక్కడ కొన్నా కాకినాడలో కొన్నా పన్ను 18 శాతమే, ఇరవై వేల సరుకు మీద 3,600 రూపాయలు. ఊరు మార్చి మిగిల్చేదేమీ లేదు. అక్కర్లేనిది కొనకపోతేనే మిగులుతుంది. పిల్లల చదువు, కాలేజీ సీటుకి సెంటాక్ దరఖాస్తు, కరెంటు బిల్లు, పైదేశంలో ఉన్నవాళ్ళతో వీడియో కాల్, రాత్రి ఓ సినిమా. మామూలు ఇంటికి ఇంతే కదా పని.

1. కొట్టువాడు "ఐ5 అండీ" అనగానే తల ఊపకండి. ఆ తర్వాత వచ్చే అంకెలు అడగండి. ఐ5-6500 అంటే ఆరో జనరేషన్, 8500 అంటే ఎనిమిదోది, 10400 అంటే పదోది. ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ కంటే పాతవాటిని, ఏవో కొన్ని మినహా, విండోస్ 11కి అర్హమైనవిగా మైక్రోసాఫ్ట్ లెక్కలోకి తీసుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. అందుకే పాత ఐ5లు ఇప్పుడు చవగ్గా దొరుకుతున్నాయి. ఇంటి పనికి ఎనిమిదో జనరేషన్ ఐ3 అయినా ఆరో జనరేషన్ ఐ5 కంటే నయం.

2. సెకండ్ హ్యాండ్‌కి మొహమాటపడకండి. కంపెనీలు కొన్నేళ్ళు వాడి మార్చేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ పెట్టెలు బజారులో తిరుగుతుంటాయి. ఆఫీసు వాడకానికి గట్టిగా చేసినవి. నన్నడిగితే అదే డబ్బుకి వచ్చే నాసిరకం కొత్తదానికన్నా ఇవే మేలు. అయితే మూత తీయించి లోపల చూడండి. వెనక పోర్టుల చుట్టూ, స్క్రూల మీద తుప్పు కనిపిస్తే అది ఉప్పుగాలి తిన్న సరుకు, వదిలేయండి. ఇంకో తిరకాసు ఉంది. వీటిలో చాలావాటి పవర్ సప్లై కంపెనీ సొంత కొలతల్లో ఉంటుంది. అది కాలిపోతే మామూలు ఎస్‌ఎంపీఎస్ పట్టదు. ఆ మోడల్‌ది దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. వైఫై కూడా చాలావాటిలో ఉండదు. యూఎస్‌బీకి పెట్టే వైఫై ముక్క, వీడియో కాల్‌కి వెబ్‌క్యామ్ విడిగా కొనాల్సి వస్తుంది. ఆ ఖర్చు కూడా కలిపి బేరమాడండి.

3. హార్డ్ డిస్కు వద్దు, ఎస్ఎస్‌డీ కావాలి. దీని దగ్గర మాత్రం రాజీ పడకండి. 256 జీబీ చాలు. ప్రాసెసర్ ఎంత కొత్తదైనా విండోస్ పాత హార్డ్ డిస్కు మీద ఉంటే ఆన్ చేసి టీ పెట్టుకుని రావచ్చు. వాడిన ఎస్ఎస్‌డీ ఇస్తుంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టించి దాని హెల్త్ శాతం మీ కళ్ళతో చూడండి.

4. ర్యామ్ 8 జీబీ. ఒక్క ముక్కగా తీసుకోండి, రెండో స్లాటు ఖాళీగా ఉంటే తర్వాత పెంచుకోవచ్చు.

5. అసెంబుల్డ్ చేయిస్తుంటే ప్రాసెసర్ పేరు చివర "ఎఫ్" ఉందేమో చూడండి. 12100ఎఫ్, 12400ఎఫ్ లాంటివాటిలో బొమ్మ చూపించే గ్రాఫిక్స్ ఉండదు. ధర తక్కువ చెప్పి, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు కొనిపిస్తారు. గేమ్స్ ఆడని ఇంటికి ఆ కార్డు దండగ.

6. మానిటర్ కోసం తొందరపడక్కర్లేదు. ఇంట్లో హెచ్‌డీఎంఐ ఉన్న టీవీ ఉంటే కొన్నాళ్ళు దానికే తగిలించండి. పాత ఆఫీసు పెట్టెలు కొన్నిటికి డిస్‌ప్లే పోర్టే ఉంటుంది కాబట్టి సరైన కేబుల్ అడగండి. కొనేటప్పుడు 22 లేదా 24 అంగుళాలది, ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెల్ అయితే కళ్ళకి హాయి.

7. యూపీఎస్ కొనే ముందు ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? ఉంటే దాన్ని ఒకసారి చూడండి. చాలావాటికి యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. ఎకోలో ఉంటే కరెంటు పోయి బ్యాటరీ అందుకునే రెప్పపాటులోనే సీపీయూ ఆగిపోవచ్చు. దాన్ని యూపీఎస్ వైపు తిప్పి, కంప్యూటరు ఆన్‌లో ఉండగా మెయిన్ ఆపి చూడండి. నిలబడిందా, యూపీఎస్ ఖర్చు తప్పినట్టే. ఇన్వర్టర్ లేకపోతే 600 వీఏ యూపీఎస్ చాలు. లోపల ఉండేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. అది పని సేవ్ చేసి ఆపుకోవడానికే కాని సినిమా ముగించడానికి కాదు. రెండు మూడేళ్ళకి బ్యాటరీ మార్చాలి. లేజర్ ప్రింటర్‌ని మాత్రం దానికి తగిలించకండి.

8. సీపీయూ ఎక్కడ పెడతారో ముందే అనుకుని పెట్టె సైజు ఎంచుకోండి. 2022 జులైలో గోదావరి యానాం వీధుల్లోకి వచ్చిన సంగతి ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. పల్లపు వీధిలో ఉంటే రెండోదానికే వైర్లు పీకి పెట్టెను అటక ఎక్కించండి. మూడోదాకా ఆగితే బియ్యం బస్తాలు, పరుపులు సర్దే హడావిడిలో దీన్ని పట్టించుకునేవాళ్ళుండరు. అందుకే మన ఊళ్ళో ఒక చేత్తో ఎత్తగలిగే మినీ పెట్టెకే నా ఓటు. నీళ్ళు తాకితే మాత్రం ఆన్ చేసి చూడొద్దు. ఎస్ఎస్‌డీ విప్పించి వేరే సిస్టమ్‌కి పెడితే ఫొటోలైనా దక్కవచ్చు.

9. ఫ్రాన్స్ నుంచి చుట్టాలు కంప్యూటరు తెచ్చిస్తే సంతోషమే. వోల్టేజి అక్కడా ఇక్కడా 230 కనుక ఇబ్బంది లేదు. ఆ ప్లగ్గుకి మన సాకెట్‌లో దిగే ఎర్త్ పిన్ను ఉండదు, కేబుల్ మార్చండి. లేకపోతే ఇనప పెట్టె ముట్టుకుంటే చురుక్కుమంటుంది. కీబోర్డు కూడా వేరు. అక్షరాల పై వరుస క్యూ, డబ్ల్యూతో కాక ఏ, జెడ్‌లతో మొదలవుతుంది. టైపింగ్ పరీక్షకి తయారయ్యే పిల్లలకి అది వద్దే వద్దు.

10. తెలుగు కోసం డబ్బు పెట్టకండి. విండోస్‌లో తెలుగు కీబోర్డు ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడే ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచి ఉంది. అను ఫాంట్లలో కొట్టిన పెళ్ళి పత్రిక ఇంకో సిస్టమ్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తే కంప్యూటరు పాడైందని కంగారుపడకండి. అది యూనికోడ్ కాదు, అంతే. క్రాక్ చేసిన ఆఫీసు బదులు లిబ్రె ఆఫీస్ వేయించుకోండి, ఉచితం.

11. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ ఎన్నాళ్ళో రాయించుకోండి. సెకండ్ హ్యాండ్‌కైనా సరే. నోటి మాట వారంటీ చెల్లకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా చూపించడానికి కాగితం ఉండాలి కదా. కొనడానికి మంగళవారం సంత రోజున మాత్రం వెళ్ళకండి. ఆ రద్దీలో మూత విప్పి చూపించే ఓపిక ఏ కొట్టువాడికీ ఉండదు.