నాలుగంగుళాల తాబేలు

కూర్మావతారం కథ చెప్పిన వారం మా చిన్న తరగతి పిల్లలంతా తాబేలు బొమ్మలు వేశారు. పై వారం ఒక పాప అగ్గిపెట్టంత నిజం తాబేలునే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకొచ్చింది! బీచి దగ్గర కొన్నారట. పిల్లలంతా ముట్టుకున్నారు, ఒకరు ముద్దు కూడా పెట్టబోయారు. మేమూ మురిసిపోయాం. ఎవరి చేతా చేతులు కడిగించలేదు. ఈ సంగతులు మేము ఆ తర్వాత చదివి తెలుసుకున్నవి.

చెవి దగ్గర ఎర్రచార ఉండే ఈ తాబేళ్ళు అమెరికా దక్షిణ రాష్ట్రాల చెరువుల్లో, వాగుల్లో బ్రతికే అడవి ప్రాణులు. లూసియానాలో వీటిని ఫారాల్లో పెంచి, గుడ్లు ఏరి పొదిగించి, పిల్లల్ని అమ్ముతారు. వీటి పేగుల్లో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉంటుంది. తాబేలుకు దానివల్ల ఏ బాధా ఉండదు, నిగనిగలాడుతూనే ఉంటుంది. క్రిమి మలంతో బయటికొచ్చి నీళ్ళలో, చిప్ప మీద చేరుతుంది. రోజూ రాదు కనుక, ఒకసారి పరీక్షలో కనబడకపోతే లేదని నమ్మడానికి లేదు. ఫారాలవాళ్ళు గుడ్లను జెంటామైసిన్ మందుతో శుద్ధి చేసి చూశారు. క్రిమి పూర్తిగా పోలేదు సరికదా, ఆ మందుకు లొంగని రకాలు బయలుదేరాయి.

మనుషులకు సోకితే జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు. (టైఫాయిడ్ క్రిమి దీనికి దగ్గరి చుట్టమే గాని, ఈ జబ్బు వేరు.) చాలామంది వారంలో తేరుకుంటారు. ఐదేళ్ళలోపు పిల్లలకు, ఇంట్లో ఉన్న తాతయ్యలకు, అమ్మమ్మలకు మాత్రం రక్తంలోకి పాకి ప్రాణం మీదికి రావచ్చు. 2007లో ఫ్లోరిడాలో మూడు వారాల పసిబిడ్డ ఇలాగే చనిపోయింది. అంత పసికందు తాబేలును పట్టుకోలేదు కదా! ఎత్తుకున్న చేతులు, బట్టలు, తొట్టె కడిగిన సింకు, ఏదైనా దారి కావచ్చు.

చిప్ప నాలుగంగుళాలకన్నా చిన్నదైన తాబేళ్ళను పెంపకానికి అమ్మకూడదని అమెరికాలో 1975 నుంచీ నిషేధం ఉంది. నాలుగే ఎందుకంటే, అంతకన్నా చిన్నవాటిని పిల్లలు నోట్లో పెట్టుకుంటారని! పెద్ద తాబేళ్ళలోనూ క్రిమి ఉంటుంది. అయినా బీచి దుకాణాల్లో, రోడ్డు పక్కన బుల్లివి అమ్ముతూనే ఉన్నారు.

మా పాప ఇంట్లో రెండు నెలల తమ్ముడున్నాడు. డబ్బా నీళ్ళు వంటింటి సింకులోనే పారబోసేవారట. విషయం చెప్పగానే వాళ్ళమ్మగారి ముఖం పాలిపోయింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. చెరువులో వదలడం కూడా తప్పేనని తెలిసి, తాబేళ్ళను సాకే సంస్థవారికి అప్పగించారు. పాప బాగా ఏడ్చింది. ఇప్పుడు కనబడినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "టీచర్, నా తాబేలు నాలుగంగుళాలు అయిందా?"