కేసు ఉపసంహరణ: సంతకం పీపీది, నిర్ణయం ఎవరిది?

న్యాయంలో రాజకీయ జోక్యం అనగానే జడ్జీల నియామకాలే గుర్తొస్తాయి. అసలు సందు పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) బల్ల మీదుంది. కేసు వెనక్కి తీసుకోవాలంటే పీపీ స్వయంగా ఆలోచించి పిటిషన్ వేయాలి, కోర్టు సమ్మతించాలి (పాత సీఆర్‌పీసీ 321). చాలాసార్లు సచివాలయం నుంచి జీవో వస్తుంది, కింద సంతకం పడుతుంది. అందుకే 2021 ఆగస్టు 10న సీజేఐ ఎన్.వి. రమణ ధర్మాసనం, ఎంపీలు, ఎమ్మెల్యేలపై కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తివేయరాదంది.

మరి తెలంగాణ ఉద్యమకారులపై కేసుల ఎత్తివేత తప్పా? కాదు. రోడ్డెక్కిన విద్యార్థి, పదవిలో ఉన్న నిందితుడు ఒకటి కారు. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లోని సెక్షన్ 360 ఇంకో అడుగు వేసింది: బాధితుడి వాదన వినే అవకాశమివ్వకుండా ఉపసంహరణను అనుమతించరాదు. జనగామ జిల్లా జఫర్‌గఢ్‌లో ఒక రైతు నాయకుడిపై పెట్టిన కేసును ఎత్తేయాలన్నా, ఇక కోర్టు బాధితుడి మాటా వినాల్సిందే.